అమ్మని ఫ్రాన్స్ తీసుకుపోతా ఉన్నా, ఏజెంటు ఇచ్చిన ప్లాన్ చూసి చెప్పండి

బైరాగిపట్టెడ_పిల్ల:
అందరికీ నమస్తే. మాది తిరుపతి, జాబ్ బెంగళూరులో. జూన్ ఆఖర్నుంచి జూలై మొదటి వారం దాకా లీవ్ దొరుకుతా ఉంది, అమ్మని ఫ్రాన్స్ తీసుకుపోవాలని. అమ్మ రిటైర్డ్ టీచరు, అరవై దాటింది, మోకాళ్లు కొంచెం ఇబ్బంది, ప్యూర్ వెజ్, గుడ్డు కూడా ముట్టదు. శ్రావణమాసం వచ్చేలోపల ఇంట్లో ఉండాల్సిందే అంటుంది కాబట్టి ఆగస్టు మాట లేదు. ఏజెంటు ఇచ్చిందేమో పది రోజుల్లో ప్యారిస్, మోన్ సాన్ మిషెల్, స్ట్రాస్‌బర్గ్, లియాన్, నీస్, పైన స్విట్జర్లాండ్ రెండు రోజులు. చదవతానే నాకే ఆయాసం వచ్చింది. అమ్మని అడిగితే "ఈఫిల్ టవరు, ఆ ఊదారంగు పూలతోటలు చూపించు చాలు, మిగతాదంతా నీ ఇష్టం" అనింది. ఇందులో ఏం తీసేయాల, ఏం ఉంచాల? తిండి సంగతి కూడా చెప్పండి ప్లీజ్.

చంద్రగిరి_బుల్లెట్:
పాండిచ్చేరి పోయి రండి సిస్టర్, ఫ్రెంచి వీధులు అన్నీ ఉన్నాయి, వీసా కూడా అక్కర్లేదు 😀

పలమనేరు_టు_ప్యారిస్:
ఆ ప్లాన్ చించి పారేయమ్మా. పది రోజుల్లో ఆరు చోట్లంటే రోజు మార్చి రోజు పెట్టె సర్దుకోవడమే, స్టేషన్లలో మనకు మాదిరి కూలీలు కూడా ఉండరు, రెండు పెట్టెలూ నువ్వే లాగాల. రెండే ఊర్లు పెట్టుకో. ప్యారిస్ ఒకటి, కిందకి ఆవిన్యో ఒకటి, సగం సగం రోజులు. మీ అమ్మ అడిగిన పూలతోటలు లావెండర్, అవి ఆవిన్యో చుట్టుపక్కల ప్రొవాన్స్ అనే ప్రాంతంలో ఉంటాయి, జూన్ ఆఖర్నుంచి జూలై మధ్య దాకా బాగుంటాయి, తర్వాత కోసేస్తారు. అంటే నీ లీవ్ సరిగ్గా ఆ టైముకే పడింది, ఇంకేం కావాల. గార్ ద లియాన్ స్టేషన్ నుంచి ఆవిన్యోకి టీజీవీ అనే స్పీడు ట్రైన్‌లో రెండు గంటల నలభై నిమిషాలు అంతే. టికెట్లు తొందరగా తీసుకో, ఆలస్యం అయ్యేకొద్దీ రేటు పెరిగిపోతుంది. ఇంకోటి, జూలై మొదట్లో ఆవిన్యోలో పెద్ద నాటకాల పండగ మొదలవుతుంది, అప్పుడు రూములు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. అందుకని ముందు ఆవిన్యో, తర్వాత ప్యారిస్ పెట్టుకుంటే మేలు. దిగిన రోజు ఎయిర్‌పోర్టు నుంచి స్టేషన్‌కి పోయి ట్రైన్ ఎక్కగలరో లేదో మాత్రం మీ ఫ్లైట్ టైం చూసుకో, రాత్రి దిగేదైతే ఆ ఒక్క రాత్రి ప్యారిస్‌లో పడుకోండి.

కారు నడపకపోయినా ఏం కాదు, ఆవిన్యో నుంచి చిన్న వ్యాన్లలో పూట టూర్లు పోతాయి, గోర్డ్ అనే ఊరి దగ్గర సెనాంక్ అని పాత మఠం, దాని ముందరే లావెండర్ సాళ్లు. ఒక పూట పోన్ దు గార్ కూడా చూపించు, రోమన్లు నీళ్లు తెచ్చుకోవడానికి కట్టిన మూడంతస్తుల వంతెన, 49 మీటర్ల ఎత్తు, టీచరమ్మ కాబట్టి తప్పకుండా నచ్చుతుంది.

ప్యారిస్‌లో మెట్రో మాత్రం జాగ్రత్త. అన్నీ పాత స్టేషన్లు, చాలావాటిల్లో లిఫ్టు లేదు, లైను మారేటప్పుడు ఎక్కడం దిగడం, ఎక్కడం దిగడం. 14వ నంబరు లైనుకి మాత్రం అన్ని స్టేషన్లలో లిఫ్టులున్నాయి. మిగతా చోట్ల బస్సు ఎక్కండి, కిటికీ పక్కన కూర్చుంటే ఊరు కూడా కనపడుతుంది. మధ్యాహ్నం రూముకొచ్చి పడుకుని సాయంత్రం ఆరింటికి బయటపడండి, జూన్‌లో అక్కడ రాత్రి పదికి గానీ చీకటి పడదు. ఈఫిల్ టవరు చీకటి పడ్డాక గంటగంటకీ అయిదు నిమిషాలు మెరుస్తుంది, దానికోసం ఆ ఒక్క రోజు మేలుకుంటే సరిపోతుంది. లిఫ్టు టికెట్లు 60 రోజుల ముందు ఆన్‌లైన్‌లో పెడతారు, రెండో అంతస్తు చాలు, పై కొనదాకా పట్టు పట్టొద్దు.

గంగజాతర_అత్త:
నన్ను మా అబ్బాయి తీసుకుపోయినాడు కాబట్టి మీ అమ్మ తరఫున నేను చెప్తా. పిల్లలు అడిగితే "నాకేం కాళ్ల నొప్పి లేదు" అనే చెప్తాం మేము, నమ్మొద్దు. పూటకి ఒకటే చూపించు. వంటిల్లు ఉండే అపార్ట్‌మెంటు తీసుకో, చిన్న రైస్ కుక్కరు, చింతపండు, పొడులు, ఊరగాయ పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేకూడదని రూలు, ఎయిర్‌పోర్టులో పారేస్తే మనసు ఉసూరుమంటుంది. బయట తినేటప్పుడు ఉల్లిపాయ సూపు అంటారు, అది మామూలుగా గొడ్డుమాంసం ఉడకేసిన నీళ్లతో చేస్తారు, అడక్కుండా తాగొద్దు. క్రేప్ అని మన దోసె మాదిరి ఉంటుంది కానీ పిండిలోనే గుడ్డు. బాగెట్ రొట్టెకి భయం లేదు, పిండి నీళ్లు ఉప్పు ఈస్టు అంతే.

ప్యారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్ వెనక లా షపెల్ అని ఒక ఏరియా, అంతా శ్రీలంక తమిళోళ్ల అంగళ్లే, ఇడ్లీ దోసె కరివేపాకు మునక్కాయ అన్నీ దొరుకుతాయి, దగ్గర్లోనే వినాయకుడి గుడి కూడా ఉంది. మన చిత్తూరు జిల్లా ఆడోళ్లకి తమిళం రాకుండా ఉంటుందా, నేను అంగడామెతో అరగంట మాట్లాడినా, మావాడు బయట కాచుకోని నిలబడినాడు. ఆ దేశంలో నేను ఎవరి సాయం లేకుండా మాట్లాడింది అక్కడే.

రేణిగుంట_జంక్షన్:
అందరూ స్విట్జర్లాండ్ తీసేయమంటారు కానీ వీసా ఒకటే కదా, ఇంత దూరం పోయి మంచు చూడకుండా వచ్చేస్తే ఎట్లా? నేనైతే ఉంచుతా. సరే, వీసా సంగతి చెప్తా. జర్నీకి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, ఎండాకాలం స్లాట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి ఏప్రిల్ దాకా లాగొద్దు. మనకి చెన్నై సెంటరు దగ్గర, పొద్దున ట్రైన్ ఎక్కితే పని చూసుకోని రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. వేలిముద్రలకి అమ్మ కూడా రావాల. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవరేజీ ఉండాల. ఖర్చు నువ్వు పెట్టుకుంటా ఉంటే ఆ లెటరూ నీ బ్యాంకు స్టేట్‌మెంట్లూ, అమ్మ పెన్షన్ కాగితాలు కూడా జత చెయ్యి.

బైరాగిపట్టెడ_పిల్ల:
అందరికీ చాలా థాంక్స్. @చంద్రగిరి_బుల్లెట్ పాండిచ్చేరి అయిపోయింది, బీచి చూసి "బాగుంది, పోదాం పా" అనింది 😂 మంచు ఈసారికి వద్దనుకుంటా ఉన్నా అన్నా, మళ్లీ ఇంకోసారి. ముందు ఆవిన్యో, తర్వాత ప్యారిస్ ఖాయం. ఒక డౌటు, ఎండలు ఎట్లా ఉంటాయి? మ్యూజియంలు ఏ రోజు పెట్టుకోవాల?

పలమనేరు_టు_ప్యారిస్:
తిరుపతి ఎండ చూసినోళ్లం, అక్కడేముంటుందిలే అనుకోవద్దు. వడగాలి వచ్చిందంటే ప్రొవాన్స్‌లో 40 దాకా పోతుంది, చాలా రూముల్లో ఏసీ కాదు కదా ఫ్యాను కూడా ఉండదు. బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందా అని రాసి అడుగు. కుళాయి నీళ్లు తాగొచ్చు, బాటిల్ నింపుకోండి. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూత, ఓర్సే మ్యూజియం, వెర్సాయ్ రాజభవనం సోమవారం మూత. లూవ్ర్ మొత్తం తిప్పితే అమ్మ మోకాళ్లు పోతాయి, దాని బదులు ఒరాంజెరీ మ్యూజియంకి తీసుకుపో, మోనే గీసిన కలువపూల బొమ్మలు కోలగా ఉండే రెండు హాళ్లలో గోడల పొడుగునా ఉంటాయి, మధ్యలో బెంచీల మీద కూర్చోని చూడొచ్చు. అది కూడా మంగళవారం ఉండదు. నోత్ర దామ్ చర్చి 2024 డిసెంబరులో మళ్లీ తెరిచినారు, లోపలికి ఫ్రీ. ప్యారిస్‌లో ఏ ఏరియాలో రూము చూస్తా ఉన్నావో ఇక్కడ పెట్టు, మెట్లు లేకుండా ఏ బస్సు పోతుందో చూసి చెప్తా.