అప్‌డేట్: ఆ 1795 వెండి నాణెం సంగతి

మెక్సికో సిటీలో ఆదివారం లాగునిల్లా సంతలో కొన్న 1795 నాటి ఎనిమిది రియాల్స్ (పాత స్పానిష్ డబ్బు) వెండి నాణెం అసలుదేనా అని అడిగాను కదా. నకిలీయే.

తూకం 24.1 గ్రాములే వచ్చింది, దాదాపు 27 ఉండాలి. అంచు చూడమన్నవాళ్లకు దండం! సున్నా, దీర్ఘచతురస్రం, మళ్లీ సున్నా ఇలా నమూనా ఉండాల్సిన చోట, అచ్చులో పోత పోస్తే పడే అతుకు గీత ఉంది. గోటికి కూడా తగులుతోంది. స్పెయిన్ రాజు నాలుగో చార్లెస్ పేరు పక్కన IVకి బదులు నాలుగు నిలువు గీతలు (IIII) చూసి మురిసిపోయాను. అప్పట్లో అలాగే వేసేవారు, నిజమే. అచ్చు తీసినవాడికీ అది తెలుసుగా!

కొసరుగా ఇచ్చిన 1782 రెండు రియాల్స్ బిళ్ల మాత్రం అసలుదే. 6.5 గ్రాములు. మూడో చార్లెస్ ముక్కు పూర్తిగా అరిగిపోయింది కానీ, ‘ఎం’ మీద బుల్లి సున్నా, అదే మెక్సికో టంకశాల గుర్తు, స్పష్టంగా ఉంది. పెద్దది ఇప్పుడు నా టేబుల్ మీద పేపర్‌వెయిట్.