ఉగాది వాలంటీర్ల ఏర్పాట్లు: ఫ్రెటర్నిటీ కుర్రాళ్లని పిలుద్దామా?

వాలంటీర్ కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. ఇక్కడ టెక్సాస్‌లో మన తెలుగు సంఘం ఉగాది వేడుకకి, పండగ తర్వాతి శనివారానికి హైస్కూల్ ఆడిటోరియం ఖాయమైంది. పొద్దున తొమ్మిదికి తాళాలు ఇస్తారు, రాత్రి పదకొండుకల్లా ఊడ్చి అప్పజెప్పాలి. మన సంగతి మనకు తెలిసిందేగా. లిస్టులో పేర్లకు కొదవ ఉండదు. భోజనాలయ్యాక కుర్చీలు మడత పెట్టే వేళకి మాత్రం మిగిలేది ఆ పాత మొహాలే. వాళ్లలో సగం మందికి నడుము నొప్పి.

ఈలోగా యూనివర్సిటీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. అక్కడ దక్షిణాసియా కుర్రాళ్ల ఫ్రెటర్నిటీ ఒకటుంది, అంటే కాలేజీ అబ్బాయిలు చేరే సంఘం. దాని స్థానిక శాఖలో, అదే చాప్టర్‌లో, సేవా పనులు చూసే సర్వీస్ చైర్‌గా ఉన్న అబ్బాయి రాశాడు. తెలుగువాళ్ల పిల్లాడే. ఇరవై మంది దాకా వస్తారట, బల్లలు మోయడం దగ్గర్నుంచి క్లీనప్ దాకా ఏ పనైనా చేస్తామంటున్నాడు. బదులుగా రెండు అడిగాడు. ఒకటి, ఎన్ని గంటలు పనిచేశారో రాసిచ్చే ఉత్తరం. రెండోది, వాళ్ల చాప్టర్ చేసే విరాళాల సేకరణకు లాబీలో ఒక టేబుల్. కార్యవర్గంలో ఇద్దరు ముగ్గురు ఫ్రెటర్నిటీ అన్న మాట వినగానే తల అడ్డంగా ఊపారు. లోపల లోపల గుసగుసలెందుకు, ఇక్కడే తేల్చుకుందాం.

ఫుడ్ కమిటీ:
నాకు చేతులు కావాలి. పులిహోర ట్రేలు వ్యాన్‌లోంచి దించేవాళ్లు ఎవరైతే నాకేం. చెప్పులు తీసేసి, చేతులు కడుక్కుని వస్తే చాలు.

పార్కింగ్:
వదిన గారూ, మీకు చేతులు కనిపిస్తున్నాయి, నాకు సీసాలు కనిపిస్తున్నాయి. ఇక్కడికొచ్చి పాతికేళ్లయింది, ఫ్రెటర్నిటీ గురించి వార్తల్లో మంచి మాట విన్న గుర్తు లేదు. తాగి పడిపోయారనో, కొత్త కుర్రాణ్ని చావబాదారనో తప్ప. మన ఆడపిల్లలు బ్యాక్‌స్టేజ్‌లో డ్రెస్సులు మార్చుకుంటూ ఉంటారు. స్కూలు ఆవరణలో ఒక్క బీరు క్యాన్ దొరికిందంటే వచ్చే ఏడాది మనకు ఆడిటోరియం ఉండదు. ఎందుకొచ్చిన టెన్షన్?

యూత్ కమిటీ:
బాబాయ్ గారూ, మీ భయం ఉత్తదేం కాదు, దాని దగ్గరికీ వస్తాను. ముందు నాకు తెలిసింది చెప్పనివ్వండి. కాలేజీలో నేను సౌత్ ఏషియన్ సొరోరిటీలో, అంటే అమ్మాయిల ఫ్రెటర్నిటీ లాంటిదాంట్లో, ఉన్నాను కాబట్టి ఈ వ్యవహారం లోపలి నుంచి చూసిందే.

సినిమాల్లో చూపించే పెద్ద పెద్ద స్తంభాల మేడలు, పచ్చిక మీద సోఫాలు, అవి పాత ఫ్రెటర్నిటీలవి. సంఘాలకి గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకునే ఈ సంప్రదాయమే 1776లో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కప్పాతో మొదలైంది. వాళ్లేమో చదువు, చర్చలు అంటూ పెట్టుకున్నారు. ఇప్పుడు మనం ఫ్రెటర్నిటీ అంటున్న తరహావి 1825 తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీ నుంచి పాకాయి. తెల్లవాళ్లు కానివాళ్లని వాటిలోకి చాలాకాలం రానివ్వలేదు. అందుకే నల్లజాతి విద్యార్థులు 1906లో కార్నెల్ యూనివర్సిటీలో ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడు. 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో పుట్టిన ఆల్ఫా కప్పా ఆల్ఫా సొరోరిటీలో కమలా హ్యారిస్ ఉన్నారు.

మనవాళ్లవి చాలా ఆలస్యంగా వచ్చాయి. 1965 వలస చట్టం తర్వాత వచ్చిన డాక్టర్ల, ఇంజనీర్ల పిల్లలు కాలేజీ మెట్లెక్కేసరికి తొంభైలు. 1994లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో అయోటా ను డెల్టా, 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సిగ్మా బీటా రో, 1998లో మన టెక్సాస్‌లోనే ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, 1999లో లాస్ ఏంజిలెస్‌లోని యూసీఎల్ఏలో బీటా కై థీటా. అమ్మాయిలకి 1998లో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా. అయిదారేళ్లలో వరసగా పుట్టుకొచ్చాయి. మన పిల్లలే ఉండాలనే రూలేమీ లేదు, మా సొరోరిటీలో వియత్నాం అమ్మాయిలూ ఉండేవాళ్లు.

వీటికి చాలాచోట్ల సొంత ఇళ్లు ఉండవు. ఆదివారం సాయంత్రం లైబ్రరీలోనో, స్టూడెంట్ యూనియన్‌లోనో గది బుక్ చేసుకుని చాప్టర్ మీటింగ్ పెడతారు. ప్రెసిడెంటు, ట్రెజరర్, కొత్తవాళ్లని చూసుకునేవాడు, సర్వీస్ చైర్, గొడవలూ ప్రమాదాలూ రాకుండా చూసే రిస్క్ మేనేజర్. అచ్చం మన కార్యవర్గమే. మన మీటింగుల్లాగే వాళ్లవీ టైముకి మొదలవ్వవు, డ్యూస్, అదే సభ్యత్వ రుసుము, కట్టనివాళ్ల పేర్లు చదివేటప్పుడు మాత్రం అందరూ నిశ్శబ్దంగా ఉంటారు.

సెమిస్టర్ మొదట్లో రష్. అంటే పరిచయాల వారం. ఒకరోజు బాస్కెట్‌బాల్, ఒకరోజు బిర్యానీ, చివర్లో కోటు వేసుకుని ఇంటర్వ్యూ. నచ్చినవాళ్లకి బిడ్, అంటే చేరమని పిలుపు, ఇస్తారు. ఒప్పుకుంటే కొన్ని వారాలు కొత్త సభ్యుడు, మనం వాడే మాటల్లో ప్లెడ్జ్. చాప్టర్ చరిత్ర, స్థాపకుల పేర్లు, గ్రీకు అక్షరమాల బట్టీ పట్టాలి. ఒక్కొక్కడికి ఒక సీనియర్‌ని బిగ్‌గా ఇస్తారు, కొత్తవాడు లిటిల్. ఆ బిగ్‌కి ఒక బిగ్, వాడికింకో బిగ్. ఇంటిపేర్లు, గోత్రాలు అడిగినట్టే "నువ్వు ఎవరి లైన్?" అని అడుగుతారు. చివర్లో అందరి ముందూ కొత్త బ్యాచ్‌ని పరిచయం చేసే షో ఉంటుంది. మాస్కులు, బూట్ల చప్పుళ్లు, ఒక్క గొంతుతో అరుపులు. మా అమ్మ మొదటిసారి చూసి "ఇదేంటే, ఎన్‌సీసీ పరేడా?" అంది.

ఇక డబ్బు పోగుచేయడం, సర్వీస్ గంటలు. అది పేరుకు చేసేవాళ్లూ ఉంటారు, మనస్ఫూర్తిగా చేసేవాళ్లూ ఉంటారు. గంటలు పూర్తికాకపోతే చాప్టర్‌ని నేషనల్ ఆఫీసు, యూనివర్సిటీ రెండూ అడుగుతాయి. కాబట్టి ఈ కుర్రాళ్లకి మనం అవసరం. మనకు వాళ్లు అవసరం. ఇందులో దాపరికం ఏముంది?

సాంస్కృతిక కమిటీ:
కేవలం సేవ కోసమే ఉండే ఫ్రెటర్నిటీ కూడా ఉంది కదా, ఆల్ఫా ఫై ఒమేగా. 1925లో పెన్సిల్వేనియాలో లఫాయెట్ కాలేజీలో స్కౌట్ కుర్రాళ్లు పెట్టింది. 1976 నుంచి అమ్మాయిలూ ఉన్నారు. పార్టీల గొడవ తక్కువ. వాళ్లనే అడిగితే పోలా?

వాలంటీర్ కోఆర్డినేటర్:
అడిగాం అక్కా, ఆ శనివారం వాళ్లకి వేరే కార్యక్రమం ఉందట.

ఒక సభ్యురాలు:
నేను కమిటీలో లేను, కానీ ఇది చదువుతూ ఊరుకోలేకపోతున్నాను. మా అబ్బాయి ఈ సెమిస్టర్ ఒక ఫ్రెటర్నిటీలో ప్లెడ్జ్ చేస్తున్నాడు. ఏ కాలేజీ, ఏ చాప్టర్ అన్నది వదిలేయండి. ఫోన్ చేస్తే "చెప్పకూడదమ్మా" అంటాడు. రాత్రి రెండింటికి లొకేషన్ చూస్తే ఎక్కడో పార్కులో ఉంటాడు. పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు మోకాళ్లు గీరుకుపోయి ఉన్నాయి. అడిగితే ఫుట్‌బాల్ అన్నాడు. వాడు జన్మలో ఫుట్‌బాల్ ఆడలేదు. సర్వీస్ అంటే కొత్తవాళ్లని పంపించి పెద్దవాళ్లు గంటలు రాసుకోవడమే అని వాడి స్నేహితుడు నోరు జారాడు. మీరు పిలిచే ఇరవై మందిలో మా వాడిలాంటి వాళ్లెంతమందో ఒకసారి చూడండి.

యూత్ కమిటీ:
ఆంటీ, ముందు మీ అబ్బాయి సంగతి. కాలేజీ డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసుకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. నాకు విడిగా ఫోన్ చేయండి, ఈ రాత్రికే. ఆగొద్దు.

మిగతావాళ్ల కోసం కూడా చెప్తున్నాను. మన ఊళ్లల్లో ర్యాగింగ్ అంటే ఏంటో మనలో చాలామందికి అనుభవమే, ఆంధ్రప్రదేశ్ 1997లోనే దాని మీద చట్టం చేసింది. ఇక్కడ దాన్ని హేజింగ్ అంటారు. తేడా ఒకటుంది. అక్కడ సీనియర్లు పట్టుకుంటే తప్పించుకోవాలని చూస్తాం. ఇక్కడ పిల్లవాడు తనంతట తనే వెళ్లి నిలబడతాడు, చేరాలన్న కోరిక వాడిదే. అందుకే "వాడే ఒప్పుకున్నాడు" అనే మాట ఎప్పుడూ వినిపిస్తుంది. టెక్సాస్ చట్టంలో ఆ మాట చెల్లదు, బాధితుడి అంగీకారం ఉందన్నది సాకు కాదని స్పష్టంగా రాసి ఉంది. కళ్లారా చూసి తెలిసి కూడా చెప్పకపోవడం సైతం నేరమే.

మన పిల్లల చాప్టర్లలో ఇవన్నీ ఉండవని ఎవరూ అనుకోవద్దు. 2013లో న్యూయార్క్ బరూక్ కాలేజీలో మొదటి సంవత్సరం చదివే అబ్బాయి పెన్సిల్వేనియా కొండల్లో అద్దె ఇంటి దగ్గర చనిపోయాడు. కళ్లకు గంతలు కట్టి, వీపున బరువైన సంచీ తగిలించి, ఒకరి తర్వాత ఒకరు తోశారు. అది ఆసియన్ అమెరికన్ ఫ్రెటర్నిటీయే. కోర్టు 2018లో ఆ సంస్థని పదేళ్లపాటు ఆ రాష్ట్రంలో అడుగుపెట్టకుండా నిషేధించింది. 2024 డిసెంబరులో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల పేర్లు కాలేజీలు బయటపెట్టాలి. కాబట్టి ఏ తల్లిదండ్రులైనా కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ నివేదిక వెతికి చూడొచ్చు. ఈ చాప్టర్‌ది నేను చూశాను, పేరు లేదు. అంతమాత్రాన సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నానని కాదు.

ఆంటీ చెప్పిన మాట మన పనికి నేరుగా తగులుతోంది. కొత్తవాళ్లకే చాకిరీ అప్పజెప్పడం కూడా హేజింగ్ కిందికే వస్తుంది. ప్లెడ్జీలు మాత్రమే వచ్చి చెత్త సంచులు మోసి, మనం పెద్ద మనసుతో ఉత్తరం రాసిచ్చామంటే, వాళ్లని వేధించడానికి మన సంఘం హాలు ఇచ్చినట్టే. కాబట్టి నా షరతు ఒక్కటే. వచ్చేవాళ్లలో సగానికి తక్కువ కాకుండా పాత సభ్యులు ఉండాలి, క్లీనప్ డ్యూటీలో కూడా. ఎవరికి ఏ పని అన్నది మనం రాస్తాం, వాళ్ల చాప్టర్ కాదు. గంటలు ఒక్కొక్కరి పేరున విడివిడిగా రాసిస్తాం.

పార్కింగ్:
ఇది సబబుగా ఉంది. బ్యాక్‌స్టేజ్‌కి మాత్రం ఒక్కణ్ణి కూడా పంపొద్దు. నాకు పార్కింగ్‌లో ఆరుగుర్ని ఇవ్వండి. నేనే చూసుకుంటా.

కోశాధికారి:
లాబీలో టేబుల్ గురించి. సంతోషంగా ఇద్దాం, కానీ డబ్బు మన చేతుల మీదుగా పోకూడదు. పన్ను చట్టం లెక్కన మన సంఘం 501 సి 3, అంటే ఛారిటీ కింద లెక్క, మనకిచ్చే విరాళానికి పన్ను మినహాయింపు ఉంటుంది. ఫ్రెటర్నిటీ చాప్టర్లు మామూలుగా 501 సి 7, అంటే సోషల్ క్లబ్బు కింద లెక్క. చాప్టర్‌కిచ్చే డబ్బుకి మినహాయింపు రాదు. మనవాళ్లు నూరు డాలర్లిచ్చి మార్చిలో నన్ను రసీదు అడుగుతారు, నేనెక్కడ తెచ్చేది? అందుకని వాళ్లు సాయం చేస్తున్న ఛారిటీ ఏదో, దాని క్యూఆర్ కోడే టేబుల్ మీద పెట్టాలి. డబ్బు నేరుగా అక్కడికే. డబ్బాల్లో నోట్లు వద్దు. ఇంకో మాట, టీషర్టులు అమ్ముతామంటే ఒప్పుకోవద్దు. ఆడిటోరియం అద్దె ఒప్పందంలో బయటివాళ్ల అమ్మకాలు నిషేధం.

చాప్టర్ సర్వీస్ చైర్:
నమస్కారం అంకుల్స్, ఆంటీస్. ఈ చర్చ లింక్ పంపినందుకు థాంక్స్. నా తెలుగు కొంచెం తప్పులుంటాయి, అమ్మ సరిచేసింది.

సగం కాదు, పన్నెండు మంది యాక్టివ్స్, అంటే పాత సభ్యులు, ఎనిమిది మంది కొత్తవాళ్లు వస్తాం. క్లీనప్‌కి నేను, మా ప్రెసిడెంటు ఉంటాం. మా రిస్క్ మేనేజర్ కూడా వస్తాడు. ఈవెంట్ ముందు రోజు రాత్రి మాకు పార్టీ ఏమీ లేదు, క్యాలెండర్ పంపిస్తాను. కొత్తవాళ్లకి రావడం తప్పనిసరి కాదు అని గ్రూప్‌లో రాసి, స్క్రీన్‌షాట్ యూత్ కమిటీ అక్కకి పంపాను. క్యూఆర్ కోడ్ ఓకే.

ఒక డౌట్. మేం మా గ్రీకు లెటర్స్ ఉన్న జాకెట్లు వేసుకోవచ్చా, లేక కుర్తాలు వేసుకోవాలా?

సాంస్కృతిక కమిటీ:
కుర్తాలు నాన్నా. బల్లలు మోసేటప్పుడు ఏమైనా వేసుకో, సాయంత్రం పంచాంగ శ్రవణానికి మాత్రం కుర్తా. లేనివాళ్లకి మా ఇంట్లో ఉన్నాయి, సైజులు పంపు.

వాలంటీర్ కోఆర్డినేటర్:
సరే, ఇక తేల్చేస్తున్నాను. కార్యవర్గం ఒప్పుకుంది. పొద్దున తొమ్మిదికి పది మంది సెటప్‌కి, మధ్యాహ్నం ఆరుగురు పార్కింగ్‌కి, నలుగురు భోజనాల లైన్‌కి. రాత్రి క్లీనప్‌కి అందరూ, మనవాళ్లతో కలిసి. మనవాళ్లంటే నిజంగానే మనవాళ్లు. కుర్రాళ్లొచ్చారు కదా అని ఎనిమిదింటికే కార్లెక్కితే నేను పేర్లు మైకులో చదువుతాను. బ్యాక్‌స్టేజ్ పూర్తిగా యూత్ కమిటీ అమ్మాయిల చేతిలో ఉంటుంది.

కాలేజీకి వెళ్లబోయే పిల్లల తల్లిదండ్రుల కోసం ఫ్రెటర్నిటీల మీద అరగంట మాట్లాడమని యూత్ కమిటీని అడిగాను. నాలుగింటికి, పక్క గదిలో. పిల్లల డాన్సులు నడుస్తుండగా పెడితే ఒక్కరూ రారు కాబట్టి టీ విరామంలో పెట్టాం. టీ కూడా ఆ గదిలోనే ఉంటుంది, వేరే ఎక్కడా దొరకదు.

ఫుడ్ కమిటీ:
ఆ ఇరవై మందికి కూడా భోజనం లెక్క వేశాను, టికెట్టు అడగొద్దు. వాళ్లలో ఎవరికైనా పల్లీలు, జీడిపప్పు పడకపోతే బుధవారం లోపు చెప్పండి, పులిహోర ఒక ట్రే విడిగా చేయిస్తాను. ఇంకో సంగతి, ఉగాది పచ్చడికి వేపపువ్వు ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు. ఎవరి పెరట్లో ఉందో చెప్పండి.

పార్కింగ్:
మా పెరట్లో ఉంది. శుక్రవారం సాయంత్రం ఇద్దరు కుర్రాళ్లని పంపండి, నిచ్చెన నేనిస్తా. పాత సభ్యుల్నే పంపండి.