సీలింగ్ పలకలు శబ్దాన్ని పీల్చుకుంటాయా, ఆపుతాయా?

ప్రశ్న అడిగినవారు:
మా ట్యూషన్ సెంటర్‌లో రెండు గదుల మధ్య జిప్సం బోర్డు గోడ ఉంది. నిరుడు రెండు గదులకూ ఫాల్స్ సీలింగ్ వేయించి, ఎన్ఆర్‌సీ (శబ్దాన్ని పీల్చుకునే శక్తికి కొలత) 0.90 ఉన్న గ్లాస్ వూల్ పలకలు పెట్టించాము. ఇప్పుడు గదిలో గోల తగ్గింది, పాఠం స్పష్టంగా వినిపిస్తోంది. కానీ పక్క గదిలో లెక్కలు చెప్పే మాస్టారి మాట పొల్లుపోకుండా ఇటు వస్తోంది. సౌండ్‌ప్రూఫ్ అన్న మాట నమ్మి పెట్టిన డబ్బు వృథాయేనా?

మొదటి సమాధానం:
వృథాయే అంటాను. 250, 500, 1000, 2000 హెర్ట్జ్‌ల దగ్గర పలక ఎంత శబ్దాన్ని గదిలోకి తిరిగి పంపకుండా ఉంటుందో చెప్పే సగటే ఎన్ఆర్‌సీ. తిరిగి రాని దానిలో పలకను దాటి పైకి పోయింది కూడా కలిసే ఉంటుంది. శబ్దానికి అడ్డు నిలిచేది బరువు. ఒక పలకను చేత్తో ఎత్తి చూడండి, ఎంత తేలికో తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఎత్తి చూశాను. గోడ సీలింగ్ దగ్గరే ఆగిపోయింది. పైన స్లాబు వరకు రెండడుగుల ఖాళీ ఉంది, అందులోంచి పక్క గది ట్యూబులైటు వెలుగు కనిపించింది.

రెండో సమాధానం:
దోషం ఆ ఖాళీది, పలకలది కాదు. 1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలను బాగుచేసే పని భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సబీన్‌కు అప్పగించినప్పుడు, అక్కడ పలికిన మాట సుమారు 5.5 సెకన్లపాటు మోగుతూనే ఉండేది. ఆయన శాండర్స్ థియేటర్ కుర్చీల మెత్తలు తెప్పించి, పరిచి, ఆ మోత ఎంత తగ్గుతోందో కొలిచారు. ఆ మెత్తల పనినే మీ పలకలు చేస్తున్నాయి: సన్నని పోగుల మధ్యకు చొరబడిన గాలి కంపనం రాపిడికి వేడిగా మారిపోతుంది. పిల్లలకు పాఠం తెలియాలంటే అది చిన్న మేలు కాదు, కాబట్టి వృథా అన్న మాటను నేను ఒప్పుకోలేను. అయితే గదిలో పీల్చుకునే శక్తిని రెట్టింపు చేసినా శబ్ద స్థాయి తగ్గేది 3 డెసిబెల్సే గనుక, పక్క గది మాటలు ఆగాలంటే గోడను స్లాబు దాకా లేపి, వైర్లు, ఏసీ గొట్టాలు దూరిన కంతలన్నీ మూయించాలి. గొట్టాలు అడ్డొచ్చి గోడ లేపడం కుదరకపోతే, పలకల పైవైపున జిప్సం బోర్డు పరిపించండి; ముందుగా ఆ బరువును ఫ్రేము మోస్తుందో లేదో మేస్త్రీతో చూపించుకోండి.