మోకాళ్ల నొప్పికి రోజూ డైక్లోఫెనాక్ వాడవచ్చా?

ప్రశ్న:
మా అమ్మగారికి 68 ఏళ్లు. మోకీళ్ల అరుగుదలకు డైక్లోఫెనాక్ మాత్ర వేసుకున్న రోజు మెట్లెక్కి దిగగలుగుతున్నారు, వేసుకోని రోజు కుర్చీలోంచి లేవడానికే అవస్థ పడుతున్నారు. బీపీకి రామిప్రిల్, దానితో పాటు మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర కూడా వాడుతున్నారు. భోజనం చేశాక వేసుకుంటే ఏమీ కాదంటున్నారు. నిజమేనా?

సమాధానం 1:
ఆ ఉపశమనాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నడవగలగడం కూడా ఆరోగ్యమే. అయితే ఈ మాత్రల మేలూ కీడూ ఒకే చోట పుడతాయి. వాపునూ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీని ఆస్పిరిన్ వంటి మందులు అడ్డుకుంటాయని జాన్ వేన్ అనే శాస్త్రవేత్త 1971లో చూపించారు. డైక్లోఫెనాక్ కూడా అలాగే పనిచేస్తుంది. కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, అవసరమైనప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గకుండా చూసేవీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మందు రక్తంలో కలిశాక కూడా ఆ రక్షణను తగ్గిస్తుంది కనుక, భోజనం తర్వాత వేసుకున్నా, ఇంజెక్షన్‌గా తీసుకున్నా పుండ్లు పడే ప్రమాదం పోదు. మలం తారులా నల్లగా వస్తే లోపల రక్తస్రావం జరుగుతున్నదేమోనని అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

సమాధానం 2:
కడుపు కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఆ మూడు మందుల కలయిక. మూడూ మూడు దారుల్లో మూత్రపిండాల మీద భారం వేస్తాయి. వాంతులో విరేచనాలో పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిన రోజున, అంతవరకు ఏ ఇబ్బందీ లేనివారికి కూడా మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినవచ్చు. పైగా డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, గుండెపోటు ముప్పునూ కొంత పెంచుతాయి. ఈ కోవకే చెందిన రోఫెకాక్సిబ్ అనే మందును 2004లో ఆ కారణంగానే మార్కెట్ నుంచి ఉపసంహరించారు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి, మూడు మందుల పేర్లూ ఒకే కాగితం మీద రాసి వైద్యులకు చూపించండి. బీపీ మాత్రలను మాత్రం సొంతంగా ఆపవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఈ కలయిక గురించి మాకెవరూ చెప్పలేదు. ఇద్దరికీ కృతజ్ఞతలు. మాత్రకు బదులు పైపూతగా వాడే జెల్ పనిచేస్తుందా?

సమాధానం 1:
మోకాలి వంటి చోట బాగానే పనిచేస్తుంది, రక్తంలోకి చేరే మందు మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. అయినా వైద్యులకు చెప్పే మొదలుపెట్టండి. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం కూడా తోడైతే మాత్ర అవసరం తగ్గవచ్చు. మాత్ర తప్పనిసరైతే, సరిపోయినంత తక్కువ మోతాదులో, వీలైనంత తక్కువ రోజులు, కడుపుకు రక్షణగా ఒమెప్రజోల్ వంటిది జతచేయాలో లేదో అడిగి వాడండి. కొన్ని జలుబు మాత్రల్లో కూడా ఈ కోవకే చెందిన ఐబుప్రోఫెన్ కలిసి ఉంటుంది, కాబట్టి కొనేముందు అట్ట వెనక చదవండి.