అప్‌డేట్: ఆ క్యాష్‌బ్యాక్ క్రెడిట్ కార్డు తీసుకున్నాను, ఆరు నెలల లెక్క ఇదీ

ఏడాదికి 999 ఫీజున్న కార్డు తీసుకోనా, ఫీజు లేనిదే చాలా అని అప్పట్లో అడిగాను. ఫీజున్నదే తీసుకున్నాను. మీలో సగం మంది వద్దన్నారు, తెలుసు.

999 అన్నారు గానీ 18 శాతం జీఎస్టీతో 1,179 పడింది. ఆన్‌లైన్‌లో నెలకు ఆరు వేలు కొంటే 5 శాతం వెనక్కి వస్తుంది, అంటే 300. సూపర్ మార్కెట్‌లో నాలుగు వేలకు 1 శాతం, 40. పెట్రోలుకీ కరెంటు బిల్లుకీ సున్నా. మా వీధి కిరాణా కొట్లో ఉన్నది క్యూఆర్ స్కానర్ ఒక్కటే. యూపీఐకి రూపే క్రెడిట్ కార్డులే లింక్ అవుతాయి, నాది వీసా, కాబట్టి అక్కడ పనికిరాదు. ఈ సంగతి ముందే ఆలోచించాల్సింది.

ఆరు నెలలకు వచ్చింది 2,040. ఫీజు పోగా 861.

ఇక్కడే దెబ్బ తిన్నాను. ఒక నెల జీతం ఆలస్యమై 14,000 బిల్లుకు 12,000 కట్టాను. మిగిలిన రెండు వేలకే వడ్డీ అనుకున్నా. కాదట! మొత్తం బిల్లు మీద, కొన్న రోజు నుంచీ లెక్కగట్టారు. పైగా జీఎస్టీ. 700 పైచిలుకు ఎగిరిపోయింది. చేతిలో మిగిలింది నూట యాభై!

ఏడాదికి రెండు లక్షలు వాడితే ఫీజు మాఫీ. నేను వాడేది దానికి 32,000 తక్కువ. "1,179 కోసం ఫ్రిజ్ కొంటారా ఏంటి?" అంది మా ఆవిడ. ఆటో డెబిట్ పెట్టేశాను, పూర్తి బిల్లుకి. ఏడాది నిండేలోపు ఫీజు లేని రూపే కార్డుకి మారతాను.