లాటిన్ ‘పుల్స్’కు పప్పు అనవచ్చా?

ప్రశ్న: ప్రాచీన రోమన్ రచయిత కేటో వ్యవసాయ గ్రంథంలోని వంటకాలను తెలుగు చేయాలి. ‘పుల్స్’కు పప్పు అని రాయవచ్చా? ఇంగ్లీషు పల్సెస్ అంటే పప్పుధాన్యాలే కదా. దంచిన ధాన్యపు నూక ‘ఆలికా’కు రవ్వ సరిపోతుందా?

జవాబు: పప్పు వద్దు. ఇంగ్లీషు మాట పుట్టింది దీని నుంచే గానీ, పాత ఫ్రెంచి మీదుగా వచ్చేసరికి అర్థం పక్కకు జరిగింది. పప్పుగింజలకు లాటిన్‌లో ‘లెగూమెన్’ ఉంది. పుల్స్ అంటే ధాన్యం ఉడికించిన చిక్కటి జావ. రొట్టె కంటే ముందు చాలాకాలం రోమన్ల తిండి ఇదేనని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. క్రీ.పూ. 171లో మాసిడోనియా రాజు పెర్సియస్‌తో మొదలైన యుద్ధం దాకా రోమ్‌లో రొట్టెలు చేసి అమ్మేవాళ్లే లేరట.

ఆ ధాన్యం పేరు ‘ఫార్’, అంటే ఎమ్మర్ గోధుమ. మహారాష్ట్ర, కర్ణాటకల్లో పండే ఖప్లీ ఈ రకమే. నూర్చినా పొట్టు గింజను వదలదు. అందుకే వేయించి, పొట్టు పెళుసెక్కాక రోట్లో దంచేవారు. ‘పిస్టోర్’ అనే మాటకు మొదటి అర్థం దంచేవాడు. రొట్టెలు కాల్చేవాడన్నది తర్వాత వచ్చింది. పిండికి ‘ఫరీనా’ అన్న పేరు ఫార్ నుంచే.

మరో జవాబు: ఆలికాకు రవ్వ కంటే ‘దంపుడు నూక’ మేలు. రవ్వ అనగానే మరలో ఆడించిన బొంబాయి రవ్వే గుర్తొస్తుంది. నూక తెల్లగా, మెత్తగా రావడానికి ఇటలీలోని నేపుల్స్, పుతియోలీ ఊళ్ల మధ్య కొండలో దొరికే సుద్ద కలిపేవారు. ఆ సుద్ద కోసం రోమన్ చక్రవర్తి అగస్టస్ తన ఖజానా నుంచి నేపుల్స్‌వాళ్లకు ఏటా సొమ్ము ఇప్పించాడు.

‘ప్యూనిక్ పుల్స్’కు (అంటే ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ తరహా పుల్స్‌కు) కేటో కొలతలు: ఆలికా 1 లీబ్రా, తాజా చీజ్ 3, తేనె అర, గుడ్డు ఒకటి. లీబ్రా సుమారు 327 గ్రాములు. నూకను ముందు బాగా నానబెట్టాలి. లేకపోతే చీజ్ వేడెక్కినా పలుకు ఉడకదు. అన్నీ కలిపాకే కొత్త కుండలో పోయమంటాడు. మంట ఎక్కువైతే గుడ్డు ముద్దలు కడుతుంది, తేనె అడుగంటుతుంది. ఇక్కడ చీజ్‌ను ‘జున్ను’ అని మాత్రం అనువదించకండి, ముర్రుపాల జున్ను అనుకుంటారు.

ప్రశ్న: మరి జావా, సంకటా?

జవాబు: మామూలు పుల్స్‌కు ‘చిక్కటి జావ’ అనండి. ప్యూనిక్ పుల్స్‌కు రెండూ నప్పవు. పేరు అలాగే ఉంచి కింద వివరణ ఇవ్వండి. తర్వాతి వంటకం ‘గ్రానేయా’కు గోధుమ పాయసం అనకండి, అందులో తీపే లేదు. అర లీబ్రా గోధుమను కడిగి, రోట్లో పొట్టు తీసి, నీళ్లలో ఉడికించాలి. ఉడికాకే పాలు కొద్దికొద్దిగా పోస్తూ మీగడలా చిక్కబడేదాకా ఉంచాలి. పాలు మొదటే పోస్తే గింజ మెత్తబడక ముందే అడుగు మాడుతుంది.

ఇంకొకరు: ‘పొలెంటా’ తగిలితే మొక్కజొన్న అని రాయకండి. ప్లినీ చెప్పే పొలెంటా బార్లీని వేయించి తిరగలిలో విసిరిన పిండి. మొక్కజొన్న కొలంబస్ తర్వాతే యూరప్ చేరింది.