తుపాకీ చప్పుడుకి బెదిరిన కుక్కని మళ్ళీ పనిలోకి దించొచ్చా?

చుక్కలస్పానియల్:
నా దగ్గర స్ప్రింగర్ స్పానియల్ జాతి వేటకుక్క ఉంది, ఆడది, రెండేళ్ళు. ముక్కు చాలా మంచిది, డమ్మీ (పిట్ట బదులు విసిరే బొమ్మ) విసిరితే మెత్తగా నోట పట్టుకొచ్చి చేతిలో పెడుతుంది. ఈమధ్య ఫీల్డ్‌లో తెలిసినాయన ఒకడు నాకు మాటమాత్రం చెప్పకుండా సరిగ్గా దాని నెత్తి మీదుగా 12 బోర్ తుపాకీ పేల్చాడు. అప్పట్నుంచి గన్ కవర్ జిప్ తీసినా చాలు బండి కిందకి దూరిపోతోంది. చికెన్ ముక్క మూతి దగ్గర పెట్టినా వాసన కూడా చూడట్లేదు. మళ్ళీ మామూలవుతుందా? ఎక్కడ మొదలెట్టాలి?

పాతకాపు:
అవుతుంది తమ్ముడూ, కంగారుపడకు. తిండితో మాత్రం అవదు, వేటకుక్కకి పిట్ట ముందు తిండి ఎంత. పావురాన్ని వదులు, ఇది వెంటపడనీ, మనసంతా పిట్ట మీదే ఉన్నప్పుడు దూరంగా ఇంకొకళ్ళ చేత స్టార్టర్ పిస్టల్ (గుండు లేకుండా చప్పుడు మాత్రం చేసేది) ఒక్కసారి పేల్పించు. చెవి కూడా ఆడించకపోతే ఇంకోరోజు కొంచెం దగ్గర్నుంచి. మా నాన్న ఇలాగే తయారుచేసేవాడు, నేనూ అంతే. పేలాక నువ్వు పరిగెత్తుకెళ్ళి ముద్దు చెయ్యకు, చేస్తే భయపడటమే కరెక్ట్ అనుకుంటుంది.

నెమ్మదినడక:
పాతకాపు గారూ, మీ పద్ధతి ఎప్పుడూ బెదరని కుక్కపిల్లకి అయితే సరే. ఇది ఆల్రెడీ బెదిరిన కుక్క. దీనికి పిట్ట ముందు, చప్పుడు తర్వాత వస్తే పిట్ట కనిపించిందంటే పేలుద్దేమో అని నేర్చుకుంటుంది. పాయింటర్ జాతి వేటకుక్కల్లో చూడండి, పిట్ట వాసన ముక్కుకి తగిలినా తగలనట్టు పక్కకి తిరిగి వెళ్ళిపోతాయి, దాన్నే బ్లింకింగ్ అంటారు, అది అలా పుట్టేదే. అప్పుడు గన్నూ పోతుంది, పిట్టా పోతుంది. చప్పుడు ముందు రావాలి, ఇష్టమైనది వెంటనే తర్వాత రావాలి. ల్యాబ్‌లో కుక్కల మీద ప్రయోగాలు చేసిన పావ్‌లోవ్ కాలం నుంచీ తెలిసిన సంగతే ఇది.

చుక్కలస్పానియల్ గారూ, చికెన్ ముట్టట్లేదు అన్నారు చూశారా, అదే అసలు గుర్తు. తినలేనంత భయంలో ఉంటే ఆ దూరం, ఆ చప్పుడు దానికి ఎక్కువని అర్థం. పిస్టల్ సంగతి తర్వాత, ముందు జిప్ సంగతి చూడండి. పక్క గదిలో జిప్ కొంచెం తియ్యండి, తీసిన వెంటనే తిండి.

గడ్డిపోచ:
ఫోన్లో గన్ సౌండ్స్ పెట్టి అన్నం పెట్టండి, మా లాబ్రడార్‌కి భయం అలాగే పోయింది

నెమ్మదినడక:
@గడ్డిపోచ మొదటి మెట్టుగా ఓకే. షాట్‌గన్ పేలితే దగ్గర్లో 150 డెసిబెల్స్ దాటుతుంది, గాలి ఒత్తిడి ఒంటికి కొట్టినట్టు తగులుతుంది, ఫోన్ స్పీకర్‌లో అది రాదు. ఫోన్‌కి కదలని కుక్క ఫీల్డ్‌లో మళ్ళీ పారిపోతుంది, చాలామంది అక్కడే ఆశ వదిలేసుకుంటారు.

పాతకాపు:
ముందు చప్పుడు, తర్వాత తిండి, ముందు చప్పుడు, తర్వాత తిండి. ల్యాబ్‌లో కట్టేసిన కుక్క వేరు, పొదలోకి దూకే కుక్క వేరండీ. వేట మీద ఉన్న కుక్కకి చప్పుడు లెక్కలోకే రాదు, అసలు కిటుకంతా అదే. నేను తయారుచేసినవాటిలో ఒక్కటి కూడా మీరు చెప్పే బ్లింకింగ్ చెయ్యలేదు.

పశువైద్యం:
రెండు మాటలు చెప్పి పోతాను.

ముందు ఒంట్లో నొప్పేమైనా ఉందేమో చూపించండి. నొప్పి ఉన్న కుక్కల్లో చప్పుడు భయం వేరే రకంగా పెరుగుతుందని, అది ఇతర చోట్లకీ పాకుతుందని 2018లో లింకన్ యూనివర్సిటీవాళ్ళు ఒక స్టడీలో రాశారు. పెద్ద చప్పుడుకి ఒంట్లో కండరాలు బిగుసుకుంటాయి, ఆ నొప్పి కూడా చప్పుడుకే ముడిపడిపోతుంది.

మందుల్లో ఏస్‌ప్రోమజిన్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దు, అది ఒంటిని కదలనివ్వదు కానీ లోపలి భయం అలాగే ఉంటుంది. చప్పుడు భయానికనే డెక్స్‌మెడెటొమిడిన్ జెల్‌కి 2015లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఏది వాడాలన్నా మీ డాక్టర్ని అడిగే వాడండి. ఇంకోటి, దగ్గరకి తీసుకుంటే భయం పెరగదు. భయం అనేది అది కావాలని చేసే పని కాదు.

పాతకాపు:
డాక్టర్ గారి మాట కాదనను. ముద్దు సంగతి మాత్రం నేను ఒప్పుకోను.

రెక్కలు:
ఫాలోయింగ్. మా సెట్టర్‌దీ ఇదే బాధ

నెమ్మదినడక:
నేను ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. నా సెట్టర్‌ని ఒక ట్రైనర్ దగ్గర వదిలాను. ఆయన దాన్ని షూటింగ్ రేంజ్ పక్కన గుంజకి కట్టి, అలవాటు పడేదాకా ఉంచుతానని ఉంచాడు. కొన్నాళ్ళకి అది అరవడం మానేసి పడుకుంది, నయమైపోయిందండీ అని అప్పగించాడు. నయం కాదు అది. 1967లో సెలిగ్‌మన్, మయర్ అనే సైకాలజిస్టులు కుక్కలకి తప్పించుకోలేని షాకులిచ్చి చూసింది ఇదే, ఇంక నా వల్ల కాదని తెలిసిన కుక్క తప్పించుకునే దారి చూపించినా కదలదు. ఇంటికొచ్చాక కారు డోర్ వేసినా ఉచ్చ పోసుకునేది. అందుకే పిట్ట మీద ఉంటే చప్పుడు పట్టించుకోదు అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పట్టించుకోకపోవడం, భయం లేకపోవడం ఒకటి కాదు.

పాతకాపు:
నేను కట్టెయ్యమన్నానా? ఎక్కడన్నానో చూపించండి. ఎవడో చేసిన పాపం తెచ్చి నా నెత్తిన రుద్దుతున్నారు.

నేనూ చెప్తా వినండి. నా దగ్గర ఒక పాయింటర్ ఉండేది, చప్పుడుకి బెదిరింది. మీరు చెప్పినట్టే నెమ్మది నెమ్మది అని సీజన్ల తరబడి సాగదీశాం. ఒకరోజు ఎక్కడో పక్క పొలంలో ఎవరో పేల్చారు, అది రోడ్డు మీదకి పరిగెత్తింది, లారీ కింద పడింది. అప్పట్నుంచి నా లెక్క ఒకటే. పిట్ట మీద కూడా భయం పోకపోతే దానికి పని వద్దు, ఇంట్లో హాయిగా ఉండనివ్వండి. కొన్ని వారాల్లో తేలిపోవాలి. ఏళ్ళ తరబడి ఒక్కో మెట్టూ ఒక్కో మెట్టూ అంటూ మీరు పేల్చే ప్రతి చప్పుడూ దాని భయం మీద పేల్చేదే కదా. మెత్తటి పద్ధతి అని మీరనుకుంటున్నారు, కుక్కకి అది అంతులేని పరీక్ష.

నెమ్మదినడక:
మీ పాయింటర్ సంగతి విని నిజంగా బాధేసింది అండీ.

సరిగ్గా చేస్తే భయం అంచు దాటే చప్పుడు దానికి వినిపించనే కూడదు. వినిపిస్తే నెమ్మదిగా చేస్తున్నట్టు కాదు. ఇంక పని మాన్పించడం అంటారా, స్పానియల్‌కి పొద తీసేస్తే అదీ శిక్షే. పనికీ ఇంటికీ మధ్య ఇంకేమీ లేనట్టు మాట్లాడుతున్నారు మీరు. తుపాకీల వరసకి బాగా వెనక, దూరంగా నిలబడి పడిన పిట్టల్ని ఏరుకొచ్చే పని ఉంది, అసలు గన్నే లేకుండా వాసన పట్టే పనులున్నాయి. అక్కడ ఎన్నేళ్ళయినా ఉండొచ్చు.

పాతకాపు:
దూరంగా ఏరుకొచ్చే పని అంటే సరే, దానికి నేను అడ్డం చెప్పను. మరి రేపు దీనికి పిల్లలు పెట్టిస్తారా? చప్పుడు బెదురు రక్తంలో కూడా వస్తుంది. అదే చప్పుడికి వేరే కుక్క ఒళ్ళు దులుపుకుని లేచేది.

నెమ్మదినడక:
కొంత వస్తుంది, కాదనను. కానీ నెత్తి మీద 12 బోర్ పేలితే బెదరడం రక్తం తప్పని ఎలా తేలుస్తారు? దాని అమ్మా నాన్నా ఎలా ఉన్నాయో తెలియకుండా నేనైతే అవుననీ అనను, కాదనీ అనను.

చుక్కలస్పానియల్:
అందరికీ థ్యాంక్స్. గన్ లేకపోతే పొలంలో దిగిందగ్గర్నుంచి తోక ఆగదు దానికి, అందుకే పూర్తిగా మాన్పించడానికి మనసు రావట్లేదు. ఈ సీజన్ గన్ దగ్గరకి తీసుకెళ్ళను. ముందు డాక్టర్‌కి చూపించి, తర్వాత జిప్‌తో మొదలెడతాను. పిల్లల సంగతి ఇప్పుడే ఆలోచించలేను.

పాతకాపు:
సీజన్ వదిలెయ్యడం మంచి పని. చికెన్ బదులు డమ్మీ విసురు తమ్ముడూ, డమ్మీ విసిరితే మెత్తగా పట్టుకొస్తుందని నువ్వే రాశావు.

నెమ్మదినడక:
డమ్మీ అయినా సరే, జిప్ తీశాకే విసరండి.